గాల్లో ఉండగానే రెక్క పట్టు తప్పుతోందా? ఆర్‌సీ విమానానికి ఆ చిన్న మడతబందే ప్రాణం.. ఎప్పుడు మార్చాలి? ఎలా మార్చాలి?

మోటార్ కొత్తది. బ్యాటరీ ఫుల్ ఛార్జ్. రిమోట్ సిగ్నల్ కూడా బాగానే ఉంది. చేను గట్టు పక్క నుంచి లేచిన విమానం రెండు రౌండ్లు చక్కగా కొట్టింది. మూడో రౌండ్‌లో కాస్త కిందికి దించి స్పీడ్ పెంచారో లేదో.. రెక్క దగ్గర 'బర్ర్..' మంటూ ఓ శబ్దం. అంతే! ఎయిలరాన్ ఒక పక్క ఊడి వేలాడింది. విమానం పక్కకు తిరగబడి సరాసరి కొబ్బరితోటలోకి దూసుకెళ్లింది. ఇక దాన్ని కిందికి తేవాలంటే దింపు తీసేవాళ్లను బతిమాలుకోవాల్సిందే.

రేడియో కంట్రోల్ విమానాలు ఎగరేసేవాళ్లకు ఇలాంటి సీన్ కొత్తేం కాదు. కోనసీమ తోటలైనా, భీమవరం చెరువుల మధ్య అయినా, రాజమండ్రి శివార్లయినా కథ ఇంచుమించు ఒకటే. పడిపోయాక అందరూ ముందు అనుమానించేది రిమోట్‌ని, ఆ తర్వాత బ్యాటరీని. ముక్కలు ఏరి ఒక్కోటి తిప్పి చూస్తే గానీ అసలు దొంగ దొరకదు. అది బొటనవేలు గోరంత ఉండే ఓ ముక్క. పేరు హింజ్. మన వడ్రంగులు తలుపుకి బిగించే మడతబందు ఉంది కదా, ఇది దాని చిన్న తమ్ముడు.

ఇంతకీ ఈ మడతబందు చేసే పనేంటి?

విమానాన్ని తిప్పేది మోటార్ కాదు. మోటార్ లాక్కెళ్తుంది, అంతే. తిప్పే పని రెక్కల వెనక, తోక వెనక కదిలే పలకలది. రెక్కల వెనక అంచున ఉండేవి ఎయిలరాన్లు. ఇవి విమానాన్ని కుడి పక్కకో, ఎడమ పక్కకో ఒరిగిస్తాయి. తోక మీద అడ్డంగా ఉండేది ఎలివేటర్. ముక్కు పైకెత్తాలన్నా, దించాలన్నా అదే. తోక మీద నిలువుగా ఉండేది రడ్డర్. గోదావరి మీద లాంచీ ఎక్కినవాళ్లకు దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు, అది చుక్కానే. పడవ చుక్కాని నీళ్లను తోస్తుంది, విమానం చుక్కాని గాలిని తోస్తుంది.

ఈ పలకలన్నిటినీ ఇంగ్లిష్‌లో కంట్రోల్ సర్ఫేస్‌లు అంటారు. వీటిని రెక్కకు, తోకకు పట్టి ఉంచేవే హింజ్‌లు. ఒక్కో పలకకు కనీసం మూడు ఉండాలన్నది మోడల్ విమానాలు కట్టేవాళ్లలో పాత లెక్క. తలుపుకి ఒక బందు ఊడితే కిర్రుమంటుంది, నేలకు రాసుకుంటుంది, అయినా నాలుగు రోజులు నడిచిపోతుంది. విమానానికి ఆ నాలుగు రోజుల గడువు లేదు. ఒక హింజ్ ఊడితే ఆ భారం పక్కదాని మీద పడుతుంది. అది ఊడితే దాని పక్కదాని మీద. చొక్కా కుట్టు విడిపోయినట్టు వరసగా పోతాయి.

అన్నిటికంటే ప్రమాదం.. ఫ్లటర్

పైన చెప్పిన 'బర్ర్' శబ్దం ఉందే, దాన్నే ఫ్లటర్ అంటారు. బైక్ మీద వెళ్తూ ఒక తాటాకు చేత్తో పట్టుకుంటే నెమ్మదిగా వెళ్లినంతసేపు ఊరికే ఉంటుంది. స్పీడ్ ఒక హద్దు దాటగానే టపటపా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఇక గట్టిగా పట్టుకున్నా ఆగదు. వదులుగా ఉన్న ఎయిలరాన్ కూడా అంతే. గాలి దాన్ని ఒక పక్కకు తోస్తుంది, రెక్క కాస్త మెలిపడి వెనక్కి లాగుతుంది, మళ్లీ గాలి తోస్తుంది. ప్రతి ఊపులోనూ గాలి నుంచి కొంత శక్తి దానిలోకి వచ్చి చేరుతుంది. అందుకే ఊపు తగ్గదు, పెరుగుతుంది. క్షణాల్లో హింజ్‌లు చిరుగుతాయి, సర్వో మోటార్ పళ్లు అరుగుతాయి, ఒక్కోసారి రెక్కే విరుగుతుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. గాలి తోపు స్పీడ్‌తో పాటు సమానంగా పెరగదు. స్పీడ్ రెట్టింపు అయితే తోపు నాలుగు రెట్లు అవుతుంది. మెల్లగా ఎగిరినంతసేపు బాగానే ఉన్న విమానం, పై నుంచి డైవ్ కొట్టించగానే విరిగిపోవడానికి కారణం ఇదే. 'నిన్నటిదాకా బాగానే ఎగిరిందండీ' అనే మాటకు ఇక్కడ విలువ లేదు.

ఇదేదో బొమ్మ విమానాల గోల అనుకుంటే పొరపాటే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1916లో బ్రిటన్‌కు చెందిన హ్యాండ్లీ పేజ్ బాంబర్ తోక గాల్లో విపరీతంగా ఊగిపోయింది. ఎఫ్.డబ్ల్యూ. లాంచెస్టర్ అనే ఇంజినీర్ దాన్ని పరిశీలించి కారణం పట్టుకున్నారు. కుడి, ఎడమ ఎలివేటర్లు రెండూ దేనికవి విడిగా ఊగుతున్నాయి. ఆ రెండిటినీ గట్టి గొట్టంతో ఒకటిగా కలిపితే సరిపోతుందని ఆయన చెప్పారు. ఫ్లటర్ మీద శాస్త్రీయంగా జరిగిన తొలి పరిశోధనగా దీన్నే చెప్పుకుంటారు. ఈరోజుకీ మోడల్ విమానాల తోకలో రెండు ఎలివేటర్ ముక్కల్ని కలుపుతూ ఒక వంచిన తీగ ఉంటుంది. ఆ తీగ వెనక ఉన్న కథ ఇదీ.

2011 సెప్టెంబర్ 16న అమెరికాలోని రీనోలో జరిగింది ఇంకా ఘోరం. ఎయిర్ రేస్‌లో 'ది గాలోపింగ్ ఘోస్ట్' అనే పీ-51 మస్టాంగ్ విమానం అదుపు తప్పి జనం కూర్చున్న చోటికి దూసుకొచ్చింది. పైలట్‌తో కలిపి 11 మంది చనిపోయారు. పదుల సంఖ్యలో గాయపడ్డారు. దర్యాప్తులో తేలింది ఏంటంటే.. ఎలివేటర్‌కి ఉండే ట్రిమ్ ట్యాబ్ అనే చిన్న పలకను బిగించి ఉంచే స్క్రూల లాక్‌నట్లు పాతబడి పట్టు కోల్పోయాయి. స్క్రూలు వదులయ్యాయి. ఆ వదులులో ఫ్లటర్ మొదలైంది. అంత పెద్ద విమానాన్ని నేలకు దించింది కొన్ని పాత నట్లు!

మరి మోడల్ విమానంతో జనానికి ముప్పా?

చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. రెండు కిలోల మోడల్ విమానం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దానిలో ఉండే శక్తి దాదాపు 280 జౌల్స్. యాభై అడుగుల చెట్టు మీంచి కిలోన్నర కొబ్బరికాయ పడితే నేలను తాకేసరికి ఉండేది సుమారు 220. కొబ్బరిచెట్టు కింద మంచం వేసుకోవద్దని పెద్దవాళ్లు ఎందుకంటారో గోదావరి జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. విమానం అంతకన్నా గట్టిగా కొడుతుంది. పైగా దాని ముక్కున తిరుగుతున్న ఫ్యాన్ ఉంటుంది.

ఊళ్లో ఎవరైనా విమానం ఎగరేస్తున్నారంటే ఐదు నిమిషాల్లో గట్టు నిండా పిల్లలు పోగవుతారు. ఎగరేసేవాడి వెనకే నిలబడమన్నా నిలబడరు, పరుగెడతారు. అందుకే ఆ చిన్న మడతబందు విషయంలో బద్ధకం పనికిరాదు.

గోదావరి వాతావరణం.. హింజ్‌లకు పగ!

డెల్టాలో మోడల్ విమానాలకు అసలు సీజన్ ఎండాకాలమే. దాళ్వా కోతలు అయిపోయి, కాలువలు కట్టేశాక చేలు ఎండి మైదానాల్లా ఉంటాయి. దిగడానికి ఎక్కడ పడితే అక్కడ చోటు. నీళ్లలో పడుతుందన్న భయం కాస్త తక్కువ. మిగతా కాలమంతా చేలల్లో నీళ్లు, బురద. అంటే విమానం ఏడాదిలో చాలా నెలలు అటక మీదో, బీరువా పైనో కూర్చుంటుంది. వానాకాలం తేమంతా అక్కడే పీలుస్తుంది.

బాల్సా చెక్క చాలా తేలిక. ఎక్కువగా దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ నుంచి వస్తుంది. తేలిక కాబట్టే విమానాలకు వాడతారు, మెత్తన కాబట్టే హింజ్ దానిలోంచి తేలిగ్గా పీక్కొస్తుంది. తేమకు ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది. దానిలో హింజ్‌ని పట్టి ఉంచే జిగురేమో గాజులా పెళుసు. చెక్క కదిలితే అది కదలలేదు, చిట్లుతుంది. బయటికి ఏమీ కనపడదు. మే నెలలో దుమ్ము దులిపి తెచ్చి నేరుగా ఎగరేస్తే అప్పుడు తెలుస్తుంది.

సముద్రం దగ్గర ఇంకో బాధ. కాకినాడ, అంతర్వేది వైపు గాలిలో ఉప్పు ఉంటుంది. పిన్ను ఉండే హింజ్‌లలో ఆ ఇనుప పిన్ను తుప్పు పట్టి బిగుసుకుంటుంది. అప్పుడు పలకను కదపడానికి సర్వో మోటార్ ఎక్కువ కష్టపడుతుంది, కరెంట్ ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది. గోదావరి ఇసుక తిన్నెల మీద దించితే సన్న ఇసుక హింజ్ సందుల్లోకి దూరుతుంది. ఆక్వా చెరువులో పడితే బయటికి తీసి తుడిచినంత మాత్రాన సరిపోదు, మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టి ప్రతి హింజ్ చూడాల్సిందే.

థర్మాకోల్, ఫోమ్ విమానాలకు అసలు శత్రువు ఎండ. గ్లూ గన్ జిగురు వేడికి మెత్తబడుతుంది. మిట్టమధ్యాహ్నం తలుపులేసిన కారులో విమానాన్ని వదిలేసి వెళ్తే, వచ్చేసరికి జిగురు జారిపోయి ఉండొచ్చు. మామూలు సెల్లోటేప్ గమ్ కూడా అంతే, ఎండకి జారుతుంది లేదా ఎండిపోయి పొరలుగా లేస్తుంది.

ఏ విమానానికి ఏ హింజ్?

ఇక్కడే చాలామంది తికమక పడతారు. బాల్సా విమానాల్లో ఎక్కువగా కనిపించేది సీఏ హింజ్. పల్చటి, గరుకు గుడ్డలాంటి ముక్క. సైజు సుమారు 19 మిల్లీమీటర్లు బై 25 మిల్లీమీటర్లు. దీనికి పిన్ను ఉండదు, ముక్కే వంగుతుంది. నీళ్లలా పల్చగా ఉండే సీఏ జిగురు వేస్తే గుడ్డ దాన్ని పీల్చుకుని చెక్కలోకి చేరవేస్తుంది. కిటుకంతా ఆ పీల్చుకోవడంలోనే ఉంది.

అందుకే దీనికి బదులు ఓహెచ్‌పీ షీటో, పాత ఎక్స్‌రే ఫిల్మో కత్తిరించి పెట్టే అలవాటు అంత మంచిది కాదు. నున్నటి ప్లాస్టిక్ జిగురుని పీల్చదు. కాలేజీ పిల్లలు ఖర్చు తగ్గుతుందని ఇదే చేస్తుంటారు. తప్పదనుకుంటే రెండు వైపులా గరుకు కాగితంతో రుద్ది, నాలుగైదు చిన్న రంధ్రాలు పొడవాలి. అప్పుడు జిగురు రంధ్రాల్లోంచి వెళ్లి రివిట్‌లా పట్టుకుంటుంది. చిన్న, నెమ్మదిగా ఎగిరే వాటికి సరే. స్పీడ్ విమానానికి మాత్రం వద్దు.

రెండోది నైలాన్ హింజ్. రెండు రెక్కలు, మధ్యలో పిన్ను. అచ్చం తలుపు బందే. మూడోది పాయింట్ హింజ్, మధ్యలో కీలు ఉన్న పుల్లలా ఉంటుంది, గుండ్రటి రంధ్రంలో దిగుతుంది. ఈ రెండూ పెద్ద విమానాలకు, పెట్రోల్ ఇంజిన్ ఉన్నవాటికి వాడతారు. వీటికి సీఏ జిగురు కాదు, అరల్డైట్ లాంటి ఎపాక్సీ కావాలి.

ఫోమ్ విమానాల్లో చాలావాటికి విడిగా హింజే ఉండదు. రెక్క ఫోమ్‌నే ఒక గీత వెంబడి పల్చగా నొక్కి వదిలేస్తారు. అదే వంగుతుంది. కొత్తలో బాగానే ఉంటుంది. వంగి వంగి తెల్లటి గీత పడుతుంది, తర్వాత చివర్ల నుంచి చిరగడం మొదలవుతుంది.

పాడైందని కనిపెట్టడం ఎలా?

ఎగరేసే ప్రతి రోజూ, మొదటి ఫ్లైట్‌కి ముందే చేయాల్సిన పని ఒకటుంది. ఒక చేత్తో రెక్క పట్టుకుని, రెండో చేత్తో ఎయిలరాన్‌ను ఒక్కో హింజ్ దగ్గర విడివిడిగా గట్టిగా వెనక్కి లాగి చూడాలి. మొహమాట పడకూడదు. చేతికే ఊడిపోయిందంటే బాధపడక్కర్లేదు, గాల్లో ఊడనందుకు సంతోషించాలి.

లాగినప్పుడు సందు పెరిగిందా? ఒక చివర ఎక్కువ, ఇంకో చివర తక్కువ ఉందా? పలకను పైకీ కిందికీ ఆడిస్తే సన్నగా 'టిక్' మని శబ్దం వస్తోందా? సీఏ హింజ్ మధ్యలో తెల్లగా పేలిందా? ఇందులో ఏ ఒక్కటి ఉన్నా మార్చాలి. సర్వో నుంచి పుష్‌రాడ్ తీసేసి పలకను వేలితో కదిపి చూడటం ఇంకా మంచిది. అది తన బరువుకే కిందికి జారేంత తేలిగ్గా ఆడాలి. పట్టి పట్టి కదులుతుంటే హింజ్‌లు ఒకే గీతలో లేవన్నమాట.

గాల్లో ఒక్కసారి 'బర్ర్' శబ్దం వినిపించినా వెంటనే థ్రాటిల్ తగ్గించి నెమ్మదిగా దించేయాలి. దిగాక హింజ్‌లు బాగానే ఉన్నాయి కదా అని మళ్లీ లేపొద్దు. ఆ ఊపుకి కంట్రోల్ హార్న్, క్లెవిస్, సర్వో పళ్లు అన్నీ దెబ్బతినే అవకాశం ఉంది.

ఒక హింజ్ పోతే ఆ పలకకు ఉన్న హింజ్‌లన్నీ మార్చడమే పద్ధతి. మిగతావి కూడా అదే జిగురు, అదే వయసు, అదే ఎండ చూసినవే కదా. ఊడినచోట పైనుంచి రెండు చుక్కల ఫెవిక్విక్ వేసి 'అయిపోయింది' అనడం చాలామంది చేసే తప్పు. ఆ జిగురు పై అంచులోనే గడ్డకడుతుంది, లోపలికి దిగదు. పైగా వంగాల్సిన చోట గట్టిపడి హింజ్ విరిగిపోవడానికి దారి చేస్తుంది.

బాల్సా విమానానికి మార్చే తీరు ఇదీ..

ముందు పుష్‌రాడ్ విప్పాలి. ఎయిలరాన్ ఎక్కడ ఉండేదో పెన్సిల్‌తో రెక్క మీద చిన్న గుర్తు పెట్టుకోవాలి. ఆ తర్వాత సందులోంచి పదునైన బ్లేడ్ పెట్టి పాత సీఏ హింజ్‌లన్నీ కోసేయాలి. లోపల ఉండిపోయిన ముక్కల్ని పీకే ప్రయత్నం అస్సలు వద్దు. చెక్కతో సహా ఊడొస్తాయి. అవి అక్కడే ఉండనివ్వాలి. కొత్త గాట్లు వాటి పక్కన, ఓ సెంటీమీటర్ జరిపి పెట్టుకుంటే తాజా చెక్క దొరుకుతుంది.

గాటు సరిగ్గా చెక్క మందం మధ్యలో పడాలి. రెక్క మీద, ఎయిలరాన్ మీద ఎదురెదురుగా గుర్తులు పెట్టుకుని, సన్న బ్లేడ్‌తో కొద్దికొద్దిగా లోపలికి దింపాలి. ఒకేసారి తోస్తే బ్లేడ్ పక్కకు వెళ్లి పై చెక్కలోంచి బయటికొస్తుంది. చివరి హింజ్ పలక అంచుకి రెండు, రెండున్నర సెంటీమీటర్ల లోపే ఉండాలి, ఎందుకంటే ఫ్లటర్ మొదలయ్యేది చివర్లలోనే.

చాలామంది వదిలేసే మెట్టు ఇప్పుడొస్తుంది. ప్రతి గాటు మధ్యలో రెండు, రెండున్నర మిల్లీమీటర్ల సన్న డ్రిల్‌తో సెంటీమీటర్ పైచిలుకు లోతు రంధ్రం వేయాలి. జిగురు లోపలికి దిగడానికి అదే కాలువ. ఇది లేకపోతే జిగురు పైపైనే ఆగిపోతుంది. డెల్టా వాళ్లకు ఇంతకన్నా వివరం అనవసరం. కాలువ లేనిదే చివరి చేనుకి నీళ్లు అందవు.

హింజ్ మధ్యలో గుండుసూది గుచ్చి, సగం రెక్కలోకి, సగం ఎయిలరాన్‌లోకి దించాలి. సూది ఉండబట్టి హింజ్ ఒక పక్కకే మొత్తం జారిపోదు. అన్నీ సరిగ్గా కూర్చున్నాక సూదులు తీసేసి, పలకను దగ్గరికి నొక్కాలి. మధ్యలో సందు పోస్ట్‌కార్డు మందం మించకూడదు. సందు ఎక్కువైతే రెండు నష్టాలు. కింది గాలి సందులోంచి పైకి కారిపోయి పలక పని తగ్గుతుంది, హింజ్ ఎక్కువ మేర బయటపడి మెత్తగా ఊగుతుంది. మరీ బిగిస్తే పలక కదలదు. పూర్తిగా పైకీ, కిందికీ వంచి చూసుకున్నాకే జిగురు సంగతి.

పలకను ఒక పక్కకు వంచి, కనిపిస్తున్న హింజ్ మధ్యలో పల్చటి సీఏ జిగురు ఒక్కో చుక్క చొప్పున ఐదారు చుక్కలు వేయాలి. ప్రతి చుక్క ఇంకేదాకా ఆగాలి. తిరగేసి రెండో వైపు కూడా ఐదారు చుక్కలు. జిగురు త్వరగా ఆరాలని స్ప్రే కొట్టకూడదు. లోపలికి దిగకముందే గట్టిపడిపోతుంది. కనీసం పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయాలి. ఆ తర్వాత పలకను పైకీ కిందికీ ఓ ఇరవై, ముప్పై సార్లు వంచాలి. మొదట బిగుతుగా ఉండి నెమ్మదిగా వదులవుతుంది. చివరగా మళ్లీ ఆ లాగుడు పరీక్ష.

జిగురుతో జాగ్రత్తలు కూడా ఉన్నాయి. కారిన జిగురుని నూలు గుడ్డతోనో, దూదితోనో తుడవొద్దు. సీఏ జిగురు నూలుకి ఎక్కువగా తగిలితే చెయ్యి కాలేంత వేడి పుడుతుంది, పొగ కూడా రావొచ్చు. కిటికీ తెరిచి పని చేయాలి, ఘాటుకి కళ్లు మండుతాయి. వేళ్లు అతుక్కుంటే బలంగా లాగకుండా గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌తో మెల్లగా విడదీయాలి. పిల్లలు చేస్తుంటే పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే.

నైలాన్ హింజ్ అయితే పిన్ను ఉన్నచోట ముందుగా కాస్త వాజ్‌లైన్ రాయాలి, ఎపాక్సీ అంటుకోకుండా. నెమ్మదిగా గట్టిపడే రకం ఎపాక్సీ తీసుకుని పళ్ల పుల్లతో గాటు లోపల పూసి హింజ్ దించాలి. పిన్నులన్నీ ఒకే సరళరేఖలో ఉండటం ఇక్కడ ప్రాణం. ఒక్కటి వంకరైనా పలక పట్టేస్తుంది. పెద్ద విమానాలకు ఇంకో భద్రత కూడా చేస్తారు. జిగురు ఆరాక చెక్కలోంచి హింజ్ రెక్క గుండా సన్న రంధ్రం చేసి, పళ్ల పుల్ల ముక్క జిగురుతో దిగేస్తారు. జిగురు పట్టు వదిలినా ఆ మేకు వదలదు.

గ్లో ఇంజిన్ విమానాలతో మరో చిక్కుంది. ఆ ఇంధనంలో మిథనాల్‌తో పాటు నూనె కలుస్తుంది, చాలా రకాల్లో అది మన ఆముదమే. ఎగిరినంతసేపు ఆ నూనె వెనక్కి చిమ్మి తోక చెక్కలోకి ఇంకుతుంది. నూనె పట్టిన చెక్కకి ఏ జిగురూ అంటదు. స్పిరిట్‌లో కార్న్‌ఫ్లోర్ కలిపి ముద్దలా రాసి, ఆరాక దులిపేస్తే నూనె కొంత బయటికొస్తుంది. రెండు మూడు సార్లు చేయాల్సి రావొచ్చు. చెక్క నల్లబడి మెత్తగా అయిపోతే మాత్రం ఆ భాగం కోసి కొత్త చెక్క పెట్టడమే మేలు.

ఫోమ్ విమానమైతే?

అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవాల్సింది.. ఫెవిక్విక్ లాంటి మామూలు సీఏ జిగురు థర్మాకోల్‌ని తినేస్తుంది. చుక్క వేసిన చోట గొయ్యి పడుతుంది. ఈపీపీ అనే రబ్బరులాంటి ఫోమ్‌కి ఏమీ కాదు. ఏ ఫోమో తెలియకపోతే ఎక్కడైనా లోపలి మూలలో ఒక చుక్క వేసి చూడాలి. థర్మాకోల్‌కి అసిటోన్ కూడా తగలనివ్వొద్దు.

చిరిగిన ఫోమ్ హింజ్‌ని అతికించి లాభం లేదు, పూర్తిగా కోసి టేప్ హింజ్ వేయడమే సులువు. పలక ముందు అంచుని కింది వైపు ఏటవాలుగా కోయాలి, కిందికి వంగడానికి చోటుండాలి కదా. అంచుల్ని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. దుమ్ము, చేతి చెమట ఉంటే టేప్ నిలవదు. మొదట పలకను పూర్తిగా రెక్క మీదికి మడిచి, లోపలి వైపు కీలు వెంబడి మూడు నాలుగు చోట్ల టేప్ ముక్కలు అతికించాలి. తర్వాత పలకను యథాస్థానానికి తెచ్చి, పైన మొత్తం పొడవునా ఒకే టేప్ వేయాలి. రెండు టేపుల గమ్ వైపులు సందులో ఒకదానికొకటి అంటుకుంటాయి. అప్పుడది ఒక పక్క నుంచి ఊడిరాదు. పోగులున్న ఫైబర్ టేప్ అయితే బలం ఎక్కువ.

ఎగరేసే ముందు ఆఖరి చూపు

హింజ్ మార్చాక పలక సున్నా స్థానం కొద్దిగా మారుతుంది. పెన్సిల్ గుర్తుతో సరిచూసి, క్లెవిస్ తిప్పి పుష్‌రాడ్ పొడవు సరిచేయాలి. రిమోట్‌లో ట్రిమ్ నొక్కి సరిపెట్టేయడం తాత్కాలికమే. ఎలివేటర్ మార్చితే రెండు ముక్కల్ని కలిపే తీగ చెక్కలో వదులయిందేమో చూడాలి. 1916లో లాంచెస్టర్ పట్టుకున్నది ఆ వదులునే.

విమానం వెనక నిలబడి స్టిక్ కుడికి తోస్తే కుడి ఎయిలరాన్ పైకి లేవాలి, ఎడమది దిగాలి. పనిలో పనిగా సర్వో వైర్లు తీసి పెట్టినవాళ్లు వాటిని తారుమారు చేసి, లేచీ లేవకముందే విమానం కూల్చేసుకోవడం మామూలే. స్టిక్ వెనక్కి లాగితే ఎలివేటర్ పైకి. ఈ రెండూ నోటితో పైకి చెప్పుకుంటూ చూస్తే తప్పు దొరుకుతుంది.

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ క్యాడెట్లకు ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం. ఆలిండియా వాయు సైనిక్ క్యాంప్‌లో దీనికి పోటీలు కూడా ఉంటాయి. ఇంజినీరింగ్ విద్యార్థులకు ఎస్‌ఏఈ ఇండియా ఏరో డిజైన్ ఛాలెంజ్, బోయింగ్ నిర్వహించే జాతీయ ఏరోమోడలింగ్ పోటీ ఉన్నాయి. ఇలాంటి చోటికి వెళ్లేవాళ్లు కొత్త హింజ్‌లతో కనీసం ఒకటి రెండు ఫ్లైట్లు ముందే చేసుకుని వెళ్లడం మంచిది. పోటీ రోజు పొద్దున్నే జిగురు డబ్బా తీసే పరిస్థితి తెచ్చుకోకూడదు.

ఎక్కడ పడితే అక్కడ ఎగరేయొచ్చా?

కుదరదు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ మోడల్ విమానాలకూ వర్తిస్తాయి. చదువు, పరిశోధన, సరదా కోసం కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేసే 25 కిలోల లోపు వాటిని ఈ నిబంధనల్లో 'మోడల్' కింద లెక్కేశారు. గ్రీన్ జోన్‌లో ఎత్తు 400 అడుగులు దాటకూడదు. రాజమండ్రి వాళ్లకు మధురపూడి విమానాశ్రయం ఉంది. దాని సరిహద్దు నుంచి 8 - 12 కిలోమీటర్ల మధ్య అయితే ఆ హద్దు 200 అడుగులే. ఇంకా దగ్గరైతే అనుమతి లేకుండా ఎగరేయడానికి లేదు. ఏ ఊరు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో ముందే చూసుకోవాలి. హైటెన్షన్ వైర్లు, జనం తిరిగే రోడ్లు ఉన్నవైపు వెళ్లకపోవడం రూల్ ఉన్నా లేకపోయినా పాటించాల్సిందే.

హింజ్‌లు మార్చిన తర్వాత తొలి ఫ్లైట్ గాలి తక్కువగా ఉండే తెల్లవారుజామునో, సాయంత్రమో పెట్టుకుంటే మేలు. పిల్లలందర్నీ ఎగరేసేవాళ్ల వెనక్కి పంపాలి. సగం థ్రాటిల్‌తో కాస్త ఎత్తులో రెండు మూడు నిమిషాలు తిప్పి, డైవ్‌లు, స్టంట్‌లు లేకుండా దించేయాలి. దించాక మోటార్ ఆపి, బ్యాటరీ తీసి, ప్రతి హింజ్‌ను మళ్లీ ఒక్కోటిగా లాగి చూడాలి. ఏదీ కదలకపోతే రెండో ఫ్లైట్‌కి బ్యాటరీ పెట్టుకోవచ్చు.